మూడోసారి అడగడం

మా విహారం చిన్నది. రేకుల కప్పు, సిమెంటు నేల, ఎదురుగా బుద్ధుడి విగ్రహం, పక్కన బాబాసాహెబ్ పటం. ప్రతి పౌర్ణమికీ ముప్ఫై, నలభై మందిమి కూర్చుంటాం. త్రిశరణ పంచశీలాలు చెప్పుకున్నాక కాసేపు ధమ్మం చదువుకుంటాం, ఆ తర్వాత పల్లె సంగతులు మాట్లాడుకుంటాం. కృష్ణా డెల్టాలో కాలవ కింద ఉన్న ఊరు మాది. మూడేళ్ళుగా మా సంగతుల్లో మొదటిది ఎప్పుడూ ఒకటే: శ్మశానానికి దారి. దాని కోసం రోడ్డెక్కాం. గెలిచామని ఊరేగాం. గెలిచామనుకున్న ఆ రోజే మేమొక తప్పు చేశాం. ధర్నాలు చేసే ఊళ్ళు, సంఘాలు మన పాఠకుల్లో చాలా ఉన్నాయి గనుక దాన్ని దాచుకోకుండా చెప్పడమే మంచిదనుకున్నాం.

మా శ్మశానానికి పూర్వం ఒక డొంక ఉండేది. ఎడ్లబండి సాఫీగా పోయేంత వెడల్పు. రెవెన్యూ పటంలో ఇప్పటికీ రెండు గీతల మధ్య కనిపిస్తుంది. నేల మీద మాత్రం అటూ ఇటూ ఉన్న చేలు ఏడాదికో జానెడు చొప్పున దాన్ని తినేశాయి. చివరికి మనిషి వెంట మనిషి నడిచే గట్టు మిగిలింది. ఎండాకాలంలో పోయినవాళ్ళు అదృష్టవంతులని మా పల్లెలో ఏడవలేక నవ్వుతూ అంటారు. ఊడ్పులయ్యాక పోతే పాడె మోసే నలుగురూ మోకాటి లోతు బురదలో, ఒకరి వరి తొక్కుకుంటూ పోవాలి. పైన శవం బరువు, వెనక ఆసామి కేకలు.

ఆరు అర్జీలు పెట్టాం. సోమవారం పూట కూలి మానుకుని, బస్సెక్కి పోయి, వరసలో నిలబడి ఇచ్చాం. ఆరు రసీదులూ ఒక పాలిథిన్ కవర్లో పెట్టి విహారం బీరువాలో దాచాం. మూడో అర్జీకి సర్వేయరు వస్తాడన్నారు, రాలేదు. ఐదో అర్జీకి మొదటి నాలుగూ కనపడటం లేదన్నారు.

ఆ ఏడు భాద్రపదంలో మూడు రోజులు ఎడతెగని వాన. రెండో రాత్రి మా పెద్దాయన ఒకరు కన్నుమూశారు. పొద్దున్నే చేల వైపు చూస్తే గట్టే కనపడలేదు. కుర్రాళ్ళు, "ఇవాళ పాడె శ్మశానానికి కాదు, ఆఫీసుకు" అన్నారు. ముందు కొడుకుని అడిగాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మా నాన్న పనికొస్తానంటే ఏనాడూ కాదనలేదు, పదండి" అన్నాడు. పాడెను మండల ఆఫీసు ముందు రోడ్డు మీద దించి చుట్టూ కూర్చున్నాం. బస్సులు ఆగాయి. వాన ఆగలేదు.

అప్పుడొకాయన మోటారు సైకిలు మీద వచ్చి ఆగాడు. చదువుకున్న మనిషి లాగే ఉన్నాడు. "ప్రజాస్వామ్యం అంటే కూర్చుని మాట్లాడుకోవడం గదండీ. శవాన్ని రోడ్డు మీద పెట్టి బెదిరిస్తే ఎట్లా?" అన్నాడు. మాలో ఒకడికి కోపమొచ్చింది. ఇంకొకడు వాడి చెయ్యి పట్టి ఆపి, చొక్కా లోపల దాచిన పాలిథిన్ కవరు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన రసీదులు ఒకటొకటీ తిప్పి, తారీఖులు చూశాడు. ఏమీ అనలేదు. బండి ఇంజను ఆపి, స్టాండు వేసి, పక్కన నిలబడ్డాడు.

ఆయన అడిగిన ప్రశ్న చెడ్డది కాదు. మాలో మేమే వేసుకున్న ప్రశ్న అది. మా పిల్లల్లో డిగ్రీ చదివేవాడొకడు అంతకుముందు పౌర్ణమికే లేచి అడిగాడు: "బాబాసాహెబే వద్దన్నారు గదా, మనం ఎట్లా చేస్తాం?" వాడు చెప్పింది 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన చేసిన ప్రసంగం గురించి. రాజ్యాంగం వచ్చాక నెత్తుటి దారులే కాదు, శాసనోల్లంఘన, సహాయ నిరాకరణ, సత్యాగ్రహం కూడా వదిలేయాలన్నారు ఆయన. అవి అరాచకానికి వ్యాకరణం వంటివన్నారు. ఈ మాట మనవాళ్ళకు ఇబ్బందిగా ఉంటుంది. మన మీద ఎక్కుపెట్టేవాళ్ళకు మాత్రం మహా తీపిగా ఉంటుంది. దళితులు రోడ్డు మీద కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు దీన్ని గుర్తు చేస్తారు.

కానీ ఆయన ఆ మాటను ఒక షరతుతో కట్టి చెప్పారు. రాజ్యాంగ మార్గాలు మూసి ఉన్న రోజుల్లో ఆ పద్ధతులకు చాలావరకు సమర్థన ఉందని, అవి తెరుచుకున్నాక లేదని ఆయన వాదన. అంటే తలుపు తెరిచి ఉందా, తెరిచినట్టు బొమ్మ గీసి ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ తేడా బాబాసాహెబ్‌కు పుస్తకాల్లో తెలిసింది కాదు. మహాడ్‌లో తెలిసింది.

మహాడ్ అనగానే మనకు చవదార్ చెరువు, దోసిట్లో నీళ్ళు గుర్తొస్తాయి. దానికి ముందు జరిగింది అంతగా గుర్తుండదు. 1923 ఆగస్టులో బొంబాయి శాసన మండలిలో ఎస్.కె. బోలే ఒక తీర్మానం పెట్టారు. ప్రభుత్వ సొమ్ముతో కట్టిన, నడిపే చెరువులు, బావులు, ధర్మశాలలు, బడులు అంటరానివాళ్ళకూ తెరవాలని. దాన్ని సభ చర్చించి ఆమోదించింది. 1924లో మహాడ్ పురపాలక సంఘం కూడా చెరువు అందరిదీ అని తీర్మానం చేసింది. చర్చ జరిగింది, ఓట్లు పడ్డాయి, కాగితం తయారైంది. చెరువు దగ్గరికి మాత్రం ఒక్క అంటరాని మనిషీ వెళ్ళలేకపోయాడు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెనక వేలమంది నడిచి వెళ్ళి నీళ్ళు ముట్టుకున్నది ఆ కాగితాన్ని చింపడానికి కాదు, దాన్ని నిజం చేయడానికి. శాసన మండలి అన్న మాటను వాళ్ళ కాళ్ళు అమలు చేశాయి. ఆ తర్వాత ఏం జరిగిందో మనకు తెలుసు. గుడిలోకి కూడా వస్తారని పుకారు పుట్టించి భోజనాల దగ్గర ఉన్నవాళ్ళను కొట్టారు. చెరువును పంచగవ్యంతో శుద్ధి చేశారు. ఆగస్టులో పురపాలక సంఘం తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది.

మాకు ఇంకా ఎక్కువ నేర్పింది ఆ డిసెంబరు సభ. 25న మనుస్మృతిని తగలబెట్టారు. మళ్ళీ చెరువు దగ్గరికి వెళ్తామని వేలమంది పేర్లిచ్చారు. ఈలోగా అవతలి పక్షం, చెరువు ప్రైవేటుదంటూ కోర్టు నుంచి తాత్కాలిక నిషేధం తెచ్చింది. జిల్లా కలెక్టరు సభకే వచ్చాడు. ఆయన్ను మాట్లాడనిచ్చారు. జైలుకైనా సిద్ధమన్నవాళ్ళూ మాట్లాడారు. కోపంతో నిండిన పందిట్లో, పక్కనే చెరువు ఉండగా, చర్చ జరిగింది. చివరికి సత్యాగ్రహాన్ని వాయిదా వేయాలని బాబాసాహెబ్ కోరారు, సభ ఒప్పుకుంది. వేలమంది ఊరేగింపుగా చెరువు వరకూ వెళ్ళి, నీళ్ళు ముట్టకుండా తిరిగి వచ్చారు. పదేళ్ళ దావా తర్వాత 1937లో బొంబాయి హైకోర్టు చెరువు మీద హక్కు మనదేనని తీర్పిచ్చింది.

మార్చిలో నడిచిందీ, డిసెంబరులో ఆగిందీ ఒకే జనం. నడవడానికి ఎంత ధైర్యం కావాలో, తమ మధ్య కూర్చుని వాదించుకుని ఆగడానికి అంతకంటే తక్కువ ధైర్యం చాలదు. మా పిల్లవాడికి మేము చెప్పిన జవాబు ఇదే. శాసన సభలో లేని మనిషి చెరువు గట్టు మీద హాజరు వేయించుకుంటాడు. ఆరు రసీదుల తర్వాత మేము పాడె దించినది ఆ హాజరు కోసమే. ఈ జవాబు మాకు చాలా బాగుందనిపించింది. డిసెంబరు సభ గురించి అంత చక్కగా చెప్పి, దాన్నుంచి మేము నేర్చుకున్నది మాత్రం శూన్యమని ఆ సాయంత్రమే తేలింది.

ఆ మధ్యాహ్నం ఆఫీసు నుంచి కబురొచ్చింది. "ఐదుగురు రండి, మాట్లాడదాం." ఐదుగురిని ఎంచడానికి మాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఒక టీచరు, ఒక రిటైరైన ఉద్యోగి, ఒక కాంట్రాక్టు పనులు చేసేవాడు, ఇద్దరు సంఘం నాయకులు. ఐదుగురూ మగవాళ్ళే, ఐదుగురూ ప్యాంట్లు వేసుకునేవాళ్ళే. ఆ పొలాల్లో కూలికి వెళ్ళేవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ పూట అది మాకు తట్టలేదు. లోపల కుర్చీలు వేశారు, టీ ఇచ్చారు. మా వాళ్ళకు అధికారులు కుర్చీ వేయడం అదే మొదటిసారి. డొంక జోలికి వెళ్తే దావాలు పడతాయి, ఏళ్ళు పడుతుంది, కాలవ గట్టు మీదుగా చుట్టు దారి వేయిస్తాం, రేపటికల్లా ఒప్పుకుంటే రాసిస్తాం అన్నారు. ఆ పూటకు ఆసామిని ఒప్పించి పాడెను చేల మీదుగా పోనిచ్చారు. పెద్దాయనను పొద్దుగూకే వేళకు పూడ్చాం.

రాత్రి విహారంలో కూర్చున్నాం. ఐదుగురూ వచ్చి దారి సంగతి చెప్పారు. చప్పట్లు కొట్టాం. అప్పుడు వెనక గోడ దగ్గర నుంచి ఒక మామ్మ లేచింది. డెబ్భై ఏళ్ళు ఉంటాయి. పౌర్ణమి తప్పకుండా వచ్చే మనిషి.

"ఆ గట్టు నిలవదురా అబ్బాయిలూ. ముప్ఫై ఏళ్ళు ఆ పక్క కలుపు తీశాను. తూము దగ్గర ఏటా వానల్లో జారుద్ది. మట్టి మంచిది కాదు."

"మెరక వేస్తారంట మామ్మా, కంకర తోలతారంట" అన్నాడు ఐదుగురిలో ఒకరు.

"ఎంత తోలినా జారుద్ది. డొంకే అడగండి."

మాకు విసుగొచ్చింది. పొద్దున్నుంచి వానలో తడిసి ఉన్నాం. తెల్లారి సంతకం పెట్టాలి. "నువ్వు కూర్చో మామ్మా, పెద్దవాళ్ళు మాట్లాడొచ్చారు గదా" అన్నాం. ఆమె కూర్చోలేదు. మళ్ళీ అదే మాట అంది. అప్పుడు మా మధ్య నుంచే ఒక గొంతు లేచింది. "ఆసాముల చేలో పనికి పోతావు గదా, వాళ్ళ మాటే చెబుతున్నావు." ఆ మాట అన్నదెవరో మా అందరికీ తెలుసు. పేరు చెప్పి ప్రయోజనం లేదు, ఎందుకంటే కాదని ఒక్కరమూ అనలేదు. కొందరం నవ్వాం కూడా. నిజానికి ఆమె అడగమన్న డొంక ఆసాముల చేల కిందే ఉంది. వాళ్ళ మనిషైతే ఆ మాట ఎందుకంటుందని ఒక్కరికీ తోచలేదు. మామ్మ చెంగు సర్దుకుని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. పది నిమిషాల్లో తీర్మానం అయిపోయింది. ఏకగ్రీవంగా అని పుస్తకంలో రాసుకున్నాం.

రెండు నెలల్లో గట్టు మీద కంకర పడింది. బ్యానరు కట్టాం, డప్పులతో ఊరేగాం. మామ్మ ఆ పౌర్ణమికి రాలేదు. తర్వాతి పౌర్ణమికీ రాలేదు.

మరుసటి ఏడు శ్రావణంలో తూము దగ్గర గట్టు జారింది. కంకరతో సహా కాలవలోకి పోయింది. వారం తిరక్కుండా కామెర్లతో ఒక కుర్రవాడు చనిపోయాడు. పాడె మోసేవాళ్ళు జారిన చోట నడుం లోతు నీళ్ళలోకి దిగారు. ముందు కొస పట్టుకున్నది ఆఫీసులో కుర్చీ మీద కూర్చున్న ఐదుగురిలో ఒకరు. మామ్మ రోడ్డు వార నిలబడి ఉంది, చెంగు తల మీద కప్పుకుని. "నేను చెప్పలేదా" అని ఉంటే మాకు కొంచెం తేలికయ్యేది. ఆమె ఏమీ అనలేదు.

ఆ వానాకాలమంతా మేము వినయ పిటకం తెలుగులో దొరికినంత వరకూ చదివాం. కారణం ఆ నవంబరు 25 ప్రసంగమే. పార్లమెంటు పద్ధతులు భారతదేశానికి కొత్త కావని, బౌద్ధ భిక్షు సంఘాలకు తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్క, రహస్య ఓటు అన్నీ తెలుసునని బాబాసాహెబ్ అందులోనే చెప్పారు. అన్నేళ్ళుగా ఆ మాటను మేము గర్వపడటానికి వాడుకున్నాం. పద్ధతిగా వాడుకోలేదు.

సంఘంలో ఏదైనా ముఖ్యమైన నిర్ణయం చేయాలంటే ముందు విషయాన్ని సభ ముందు పెడతారు. దాన్ని ఞత్తి అంటారు. తర్వాత అదే ప్రతిపాదనను మూడుసార్లు వినిపిస్తారు. ఒప్పుకున్నవాళ్ళు ఊరుకోవచ్చు, ఒప్పుకోనివాళ్ళు చెప్పాలి. మూడుసార్లు ఎందుకని మా పిల్లలు అడిగారు. మొదటిసారి అడిగినప్పుడు మనిషికి విషయం తెలుస్తుంది. రెండోసారికి తన అభిప్రాయం తెలుస్తుంది. మూడోసారికి ధైర్యం వస్తుంది. ఇది మేము చెప్పుకున్న అర్థం. జబ్బుతో రాలేని భిక్షువు కూడా తన సమ్మతిని ఇంకొకరి ద్వారా పంపాలి. రాలేదు గదా అని వదిలేయడానికి లేదు. ఓటు పుల్లలు పంచే మనిషికి ఇష్టం, ద్వేషం, మోహం, భయం అనే నాలుగు వంకర్లూ ఉండకూడదు. తగాదాలు తీర్చే ఏడు పద్ధతుల్లో మొదటిది సమ్ముఖా వినయం. ఎవరి సంగతి తేలుస్తున్నామో ఆ మనిషి ఎదుటే తేల్చాలి.

సమ్ముఖం అనే ఈ ఒక్క మాట దగ్గర మేము చాలా పౌర్ణములు ఆగిపోయాం. మన తెలుగు నేల మీద దళితులు దీన్ని ఏ పిటకం చదవకుండానే అడిగారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపాక, విచారణ ఎక్కడో పట్నంలో కాదు, చుండూరులోనే జరగాలని బాధితులు పట్టుబట్టారు. ఏళ్ళ తరబడి పోరాడితే ప్రత్యేక కోర్టు ఆ ఊరికే వచ్చింది. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఆ గాయం మానలేదు. అయినా కోర్టు మా ఎదుటికి రావాలి, మేము కోర్టు ఎదుట ఉండాలి అన్న ఆ పట్టుదల చిన్నది కాదు.

సంఘం కూడా మొదటి నుంచీ తలుపులు బార్లా తెరుచుకుని లేదు. మహాపజాపతి గోతమి కపిలవత్తులో మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ కాదన్నారు. ఆమె జుట్టు కత్తిరించుకుని, కాషాయం కట్టుకుని, శాక్య స్త్రీలను వెంటబెట్టుకుని వేసాలి దాకా నడిచింది. కాళ్ళు వాచి, ఒళ్ళంతా దుమ్ముతో, తలుపు బయట నిలబడి ఏడ్చింది. ఆనందుడు చూశాడు. లోపలికి వెళ్ళి ఆయనా మూడుసార్లు అడిగాడు, కాదన్నారు. అప్పుడు వేరే విధంగా అడిగాడు: స్త్రీలకు మార్గఫలాలు పొందే శక్తి ఉందా లేదా? ఉందని బుద్ధుడు చెప్పాక ఇక కాదనడానికి కారణం మిగల్లేదు. ఆ తర్వాతి ఎనిమిది గరుధమ్మాల మీద మనలో ఉన్న వాదం వేరు. మేము చూసింది గోతమి నడకనూ, ఆనందుడి ప్రశ్ననూ. ఆ నడక లేకపోతే ఆ ప్రశ్నను అడిగేవాడు లేడు. ఆ ప్రశ్న లేకపోతే ఆమె తలుపు బయటే ఉండిపోయేది. మా ఊళ్ళో మాత్రం పాడె మోసుకుంటూ నడిచింది అందరం. లోపలికి వెళ్ళాక అసలు ప్రశ్న అడిగేవాళ్ళు లేకపోయారు, ఎందుకంటే ఆ ప్రశ్న తెలిసిన మనిషిని మేమే కూర్చోబెట్టాం.

కోసంబి కథ మమ్మల్ని ఇంకా సిగ్గుపరిచింది. ఒక చిన్న తప్పు మీద భిక్షువులు రెండుగా చీలి, బుద్ధుడే వచ్చి వద్దన్నా వినలేదు. ఆయన విసిగి పారిలేయ్యక అడవికి వెళ్ళిపోయారు. అప్పుడు ఊరి ఉపాసకులు ఒక నిర్ణయం చేశారు: వీళ్ళకు నమస్కారం పెట్టొద్దు, భిక్ష వేయొద్దు. ఒక్క రాయి విసరలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. ఖాళీ పాత్రలతో తిరిగాక భిక్షువులు సావత్థికి బయల్దేరారు. అక్కడ, తప్పు చేసిన భిక్షువు తనంతట తనే ఆలోచించుకుని, తప్పు నాదేనని ఒప్పుకున్నాడు. నిరసన వాళ్ళను ఓడించలేదు, మళ్ళీ ఒక చోట కూర్చోబెట్టింది. ఇది చదివిన రోజు మాలో ఒక అమ్మాయి, "మరి మామ్మ చేసింది కూడా అదే గదా" అంది. పౌర్ణమికి రాకపోవడం ఆమె చేసిన నిరసన. ఏడాది పాటు విహారం ఎదుట ఒక్క మనిషి చేసిన ధర్నా. మేము దాన్ని గమనించను కూడా లేదు.

ఆ మరుసటి రోజు పది మందిమి ఆమె ఇంటికి వెళ్ళాం. ఆ రాత్రి ఆ మాట అన్నవాడు ముందు నిలబడి, "మామ్మా, క్షమించు" అన్నాడు. ఆమె వాకిట్లో కందిపప్పు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"క్షమించడం ఎందుకురా నాకు. అడిగితే చెబుతాను. అడగండి."

అంతే అంది. తర్వాత పౌర్ణమికి వచ్చి, అదే గోడ దగ్గర కూర్చుంది.

అప్పటి నుంచి మా సభ పద్ధతి మార్చుకున్నాం. ఏ తీర్మానమైనా ఒక పౌర్ణమికి విషయం చెబుతాం, తేల్చం. మధ్యలో ఇంటింటికీ ఇద్దరు వెళ్ళి అడుగుతారు, వాళ్ళలో ఒకరు ఆడమనిషి. రాత్రి డ్యూటీకి పోయేవాళ్ళు, నాట్లకు వేరే ఊరు పోయినవాళ్ళు తమ మాట ఎవరి చేతనైనా పంపాలి. ఒక్క విషయంలో మాత్రం సంఘం పద్ధతిని యథాతథంగా తీసుకోలేకపోయాం. అక్కడ మౌనం అంగీకారం. అక్కడున్న ప్రతి భిక్షువుకూ మాట్లాడే హక్కు ఉంది, ఆ సంగతి అతనికి తెలుసు. మా పల్లెలో మౌనం తరాలుగా నేర్పిన అలవాటు. పొలంలో ఊరుకోవడం, ఆఫీసులో ఊరుకోవడం, ఇంట్లో మొగుడి ముందు ఊరుకోవడం. అందుకని మూడోసారి అడిగేటప్పుడు, ఇంతవరకూ నోరు విప్పనివాళ్ళను పేరు పెట్టి పిలుస్తాం. "నువ్వు ఏమంటావు?" అని ఆగుతాం. మొదట్లో సిగ్గుపడి నవ్వేవాళ్ళు. ఇప్పుడు కొందరు మామ్మ కంటే పెద్దగా మాట్లాడుతున్నారు.

దీనివల్ల పనులు ఆలస్యమవుతాయి. పాడె వాకిట్లో ఉన్నప్పుడు మూడు పౌర్ణములు ఆగలేం. రోడ్డెక్కాల్సిన గంట ఒకటుంటుంది, ఆ గంటకు ఎక్కాల్సిందే. అందుకే ఎక్కకముందే మాట్లాడుకుని ఉండాలని ఇప్పుడు అనుకుంటున్నాం. ఏది వదులుకోవచ్చు, ఏది వదులుకోకూడదు, లోపలికి ఎవరు వెళ్ళాలి, వెళ్ళినవాళ్ళు ఏ మాటకు ఊరిని అడగకుండా ఒప్పుకోకూడదు అన్నవి ముందే రాసిపెట్టుకున్నాం. ఈసారి ఆఫీసువాళ్ళు ఐదుగురిని రమ్మంటే ఇద్దరు కూలి ఆడవాళ్ళు ఉంటారు. ఐదుగురే ఎందుకని కూడా అడుగుతాం.

డొంకనే అడగాలా వద్దా అన్న విషయం అట్లా మూడు పౌర్ణములు నడిచింది. మూడోసారి అడిగినప్పుడు అందరూ అవునన్నారు. మామ్మ వంతు వచ్చింది. ఆమె లేచి నిలబడింది.

"డొంక అడగండి. కానీ డొంక ఆసాముల చేలల్లోకే పోలేదు. ఇవతలి కొసన మనవాళ్ళ దొడ్లు కూడా దాని మీదే ఉన్నాయి. ముందు అవి తియ్యండి. అప్పుడు అడగండి."

విహారం నిశ్శబ్దమైంది. ఆ మాట నిజమని అందరికీ తెలుసు. ఆ కొసన ఉన్న నాలుగు దొడ్లలో ఒకటి, ఆ రోజు ఆఫీసులో సంతకం పెట్టిన ఐదుగురిలో ఒకరిది. రెండు గేదెలు కట్టే పాక. మూడేళ్ళుగా దారి కోసం మాకంటే ఎక్కువ తిరిగిన మనిషి. మేమెవరమూ ఆయన వైపు చూడలేదు. ఆయన తల దించుకుని చాలాసేపు కూర్చున్నాడు. తీర్మానం ఆ రాత్రి తేలలేదు. నాలుగోసారి అడుగుదామని పుస్తకంలో రాసుకుని లేచాం.

తెల్లవారి పనికి పోయేవాళ్ళకు ఆయన పాక దగ్గర గునపం చప్పుడు వినిపించింది. గుంజలు ఒక్కడే పీకుతున్నాడు. గేదెలు చింతచెట్టుకు కట్టేసి ఉన్నాయి. ముందు ఒకడు ఆగాడు, తర్వాత ఇంకొకడు. ఎండ ఎక్కే లోపు నాలుగు దొడ్లూ వెనక్కి జరిగాయి.

ఆ తర్వాత గ్రామ సభలో డొంక అడిగాం. ఈసారి అవతలివాళ్ళు, "ముందు మీవాళ్ళ సంగతి చూసుకోండి" అనలేకపోయారు. సర్వేయరు వచ్చి కొలిచాడు. రాళ్ళు పాతారు. సగం దూరం డొంక తిరిగి వచ్చింది. మిగతా సగం మీద ఇద్దరు ఆసాములు అభ్యంతరం పెట్టారు, అది నడుస్తోంది. మళ్ళీ రోడ్డెక్కాల్సి రావచ్చు. ఎక్కుతాం. వచ్చే పౌర్ణమికి ఆ సంగతే సభ ముందు పెడుతున్నాం, మొదటిసారిగా.

జై భీమ్.